మీటర్ ఒక్కటే చాలు, హిసాబ్ మాత్రం అలగ్ అలగ్

ఎన్ని సైకిళ్లుంటే అన్ని మీటర్లు కొనాలట. సైకిల్ దుకాణాల్లో ఈ సలహా ముఫ్త్‌గా దొరుకుతోంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు కదా, ఆదివారం ఫజర్ నమాజ్ అయ్యాక అటు పోయే మన కుటుంబాలు కనిపిస్తున్నాయి. మాషా అల్లాహ్, మంచి షౌక్. అబ్బాకు సన్న టైర్ల రోడ్ సైకిల్, కాలేజీ కొడుక్కి లావు టైర్లది, చిన్న బేటీకి 20 అంగుళాలది. ఇక సేఠ్ సాబ్ మూడు హ్యాండిళ్లకూ మూడు కంప్యూటర్లు బిగిస్తానంటాడు. వేగం, దూరం చూపించే అగ్గిపెట్టె అంత మీటర్ అది. ఒక మనిషి ఒకసారి ఒక సైకిలే తొక్కుతాడు. మిగతావి గోడకు ఆనించి ఉన్నప్పుడు వాటి మీటర్లు ఏం లెక్కపెడతాయి జనాబ్? ఇది ఫిజూల్‌ఖర్చీ, ఇంకో పేరు లేదు.

మగర్ ఇల్జామ్ అంతా దుకాణదారు మీద వేయలేను. అమ్ముకోవడం ఆయన పేషా. నా అస్లీ కోపం రెండో రకం వాళ్ల మీద. ఒక్క మీటర్‌తోనే సర్దుకుంటారు, షాబాష్. కాని ఇంట్లో అన్ని సైకిళ్ల సవారీలనూ ఒకే అంకెలో కలిపేసి, ‘ఈ ఏడాది ఇన్ని వేల కిలోమీటర్లు’ అని వాట్సాప్‌లో పెట్టుకుంటారు. ఆ అంకె జూఠ్. ఎందుకో చెప్తాను, ఇందులో ఫల్సఫా ఏమీ లేదు, అయిదో తరగతి హిసాబే.

చక్రం ఆకుకు కట్టిన మాగ్నెట్ సెన్సర్ ముందు నుంచి ఎన్నిసార్లు పోయిందో మీటర్ లెక్కపెడుతుంది. ఆ సంఖ్యను చక్రం చుట్టుకొలతతో గుణిస్తుంది. అంతే, దానికి ఇంకేమీ తెలియదు. 700 బై 23 టైరు చుట్టుకొలత సుమారు 2096 మిల్లీమీటర్లు. 26 బై 1.95 టైరుది సుమారు 2050. పిల్లల 20 బై 1.75 టైరుది 1515. అబ్బా సైకిలుకు పెట్టిన 2096 అలాగే ఉంచి మీటర్‌ను కొడుకు సైకిలుకు మారిస్తే తేడా రెండు శాతం చిల్లర, పోనీ అనుకోవచ్చు. అదే బేటీ సైకిలుకు తగిలిస్తే, ఆ పిల్ల 10 కిలోమీటర్లు తొక్కితే 13.8 చూపిస్తుంది. తిరగేసి 1515 పెట్టి అబ్బా తొక్కితే 10 కాస్తా 7.2 అవుతుంది. ఈ రెంటినీ కలిపి టోటల్ వేసి దాన్ని రికార్డ్ అంటున్నాం!

కొలత తీయడం కూడా పెద్ద ఇల్మ్ ఏం కాదు. టైరులో గాలి సరిగ్గా నింపండి. గాలి నింపే వాల్వ్ కిందికి వచ్చిన చోట నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. తొక్కేవాళ్లే సైకిల్ మీద కూర్చోవాలి, బరువుకు టైరు కొంచెం అణుగుతుంది కదా. చక్రం సూటిగా మూడు చుట్లు తిరిగేదాకా నడిపించి, మళ్లీ గీత గీసి, మధ్య దూరాన్ని మూడుతో భాగించండి. అమ్మీ కుట్టుమిషను దగ్గరి టేపు దీనికి రాదు, అది 150 సెంటీమీటర్లే. మేస్త్రీ దగ్గరుండే ఇనుప టేపు అడగండి.

‘జీపీఎస్ ఉన్న కంప్యూటర్ కొన్నాం, మాకు చుట్టుకొలతతో పనేంటి’ అంటారా? సహీ బాత్, దూరం వరకు గొడవ లేదు. కాని ఏ సైకిల్ ఎంత తిరిగిందో జీపీఎస్‌కు ఏం తెలుసు? దానికి ఆకాశం కనిపిస్తుంది గాని మీ చైన్ కనిపించదు. స్ట్రావాలో సైకిళ్ల పేర్లు వేరువేరుగా రాసుకునే వీలుంది. మీరు మార్చకపోతే ప్రతి సవారీ ముందే ఎంచి పెట్టిన ఒక్క సైకిల్ ఖాతాలోనే పడుతుంది. వేలు పెట్టి మార్చడానికి పది సెకన్లు పట్టదు, దానికి కూడా సుస్తీ.

ఈ సుస్తీకి ఖీమత్ ఎవరు కడతారు? చైన్. మంచి చైన్‌లో 12 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. అరిగి 12 మీద అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైన్ మార్చే వేళ వచ్చింది. ఎనిమిదో వంతు దాకా పోనిస్తే అది వెనక పళ్లచక్రాలను కూడా తినేస్తుంది, ఖర్చు ఎన్నో రెట్లు. ఎప్పుడు స్కేలు పెట్టి చూడాలో గుర్తుచేసేది ఆ సైకిల్ సొంత కిలోమీటర్లే. మూడు సైకిళ్లవీ కలిసిన అంకె ఏ చైన్ గురించీ ఏమీ చెప్పదు. వర్షంలో రోజూ కాలేజీకి పోయే సైకిల్ బేచారా అరుగుతుంటే, ఆదివారం సైకిలుకు నూనె మీద నూనె. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా వెనక బస్సు వస్తున్నప్పుడు తెగేది ఆ కాలేజీ సైకిల్ చైనే.

ఇంకో బేఇన్సాఫీ ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇంట్లో మీటర్ అబ్బా ఫోనుకు, అబ్బా ఖాతాకు జోడించి ఉంటుంది. బేటీ తొక్కిన సవారీ అబ్బా పేరు మీద పడుతుంది. ఆయన వయసు, ఆయన బరువు పట్టుకుని కంప్యూటర్ ఆ పిల్ల ఖర్చుచేసిన క్యాలరీలు లెక్కకడుతుంది. వీధిలో పిల్ల సైకిల్ ఎందుకు తొక్కాలని నసిగే ఖాలాలు, ఫుఫీలు మన ఖాందాన్‌లలో ఇంకా ఉన్నారు. వాళ్ల నోళ్లను దాటుకుని ఆ పిల్ల రోజూ నాలుగు కిలోమీటర్లు తొక్కుతుంటే, అది కూడా బాప్ ఖాతాలో జమ! పిల్ల మేహనత్ పిల్లకే రాయాలి. కంప్యూటర్‌లో ప్రతి సవారీ ఒక ఫైలుగా ఉంటుంది, కేబుల్‌తో తీసి వేరే ఖాతాలో ఎక్కించవచ్చు. అంత తంటా వద్దంటే రెండు వందల పేజీల కాపీ ఒకటి చాలు.

రోజూ మార్చడం ఝంజట్ అనేవాళ్లకు నా జవాబు: మారాల్సింది మీటర్ మాత్రమే. దాన్ని తగిలించే బ్రాకెట్, సెన్సర్ ఏ సైకిల్‌వి ఆ సైకిలుకే పర్మనెంట్‌గా ఉండాలి. ఇవి మీటర్ కన్నా చవక. హబ్‌కు రబ్బరు పట్టీతో చుట్టే కొత్త సెన్సర్లకు ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉంటుంది, కంప్యూటర్ దాన్నిబట్టి గుర్తుపడుతుంది. వాటికి పేర్లు పెట్టుకునే వీలుంటే పెట్టండి. బాప్ బేటా పక్కపక్కనే బయల్దేరితే ఒకరి చక్రం ఇంకొకరి మీటర్‌లో తిరగకుండా ముందే చూసుకోండి. వైరున్న పాత మీటర్ అయితే కొన్నింట్లో రెండు చక్రాల కొలతలు పెట్టుకోవచ్చు, బటన్ నొక్కి మార్చుకోవడమే. అలాంటి వాటిలో చాలావరకు బ్యాటరీ తీస్తే టోటల్ సున్నా అయిపోతుంది, అందుకే కాపీలో రాయడం లాజిమ్.

ఒక్కో సైకిలుకు ఒక్కో పేజీ. తారీఖు, ఎవరు తొక్కారు, ఎన్ని కిలోమీటర్లు, చైన్ ఎప్పుడు మార్చారు. చిన్నది 24 అంగుళాల సైకిలుకు మారిన రోజు మీటర్‌లో కొలత దాదాపు 1890కి మార్చి, కొత్త పేజీ తెరవండి. పాత పేజీ చింపకండి, ఆ సైకిల్ తమ్ముడికి పోతుంది, అరిగిన చైన్ కూడా దానితోనే పోతుంది.