కింది పోర్షను

న్యూయార్కు క్వీన్స్‌లో మాది రెండు పోర్షన్ల ఇల్లు. పైన మేం ఉంటాం. కింద ఒక బెడ్రూము, చిన్న వంటిల్లు. వేసవిలో అత్తగారూ మామగారూ వస్తే అది వాళ్లది. మిగతా రోజుల్లో వారానికో, పది రోజులకో అతిథులకిచ్చేదాన్ని. దుప్పట్లు నేనే ఉతికి, ఫిల్టరు కాఫీ ఎలా దించుకోవాలో కాగితం మీద రాసిపెట్టేదాన్ని. ఆ డబ్బుతో ఇంటి పన్ను కట్టేవాళ్లం. పెళ్లయ్యాక నా చేతికొచ్చిన మొదటి సంపాదన కూడా అదేనండీ.

2023 సెప్టెంబరు 5 నుంచి లోకల్ లా 18 గట్టిగా అమలు చేయడం మొదలెట్టారు. 30 రోజుల కన్నా తక్కువకి ఇచ్చేవాళ్లు నగరం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, రుసుము 145 డాలర్లు. సరే, కడతాం. ఇద్దరు అతిథులకి మించకూడదు. అదీ సరే. కానీ అతిథులున్నన్నాళ్లూ మనం అదే పోర్షన్లో ఉండాలట! పైనే ఉన్నాం కదా, పిలిస్తే పలుకుతాం కదా అంటే చెల్లదు.

పోనీ పైన మా గదుల్లోనే ఒకటి ఇద్దామా? అతిథి ఇంట్లో ఏ గదిలోకైనా రాగలిగేలా ఉండాలి, వాళ్ల గదికి విడిగా తాళం ఉండకూడదు. ప్రమాదం జరిగితే బయటపడే దారి ఉండాలని ఆ షరతు. నిజమే. అయినా పదహారేళ్ల ఆడపిల్లని పెట్టుకుని ముక్కూ మొహం తెలియనివాళ్లని అలా తిరగనివ్వగలనా?

చట్టం ఊరికే రాలేదని నాకూ తెలుసు. ఫ్లాట్లకి ఫ్లాట్లు తీసుకుని హోటళ్లలా నడిపినవాళ్లున్నారు. కాపురాలకి ఇళ్లు దొరకడం లేదు. మా వీధి చివరింట్లో రోజూ అర్ధరాత్రి సూట్‌కేసుల చప్పుడు భరించలేక 311కి ఫోన్ చేసింది నేనే. వాళ్లనీ నన్నూ ఒకే గాటన కడతారని అప్పుడు తోచలేదు.

"ఏడాదికి అద్దెకిచ్చేయండి" అంటారు అందరూ. మరి మామగారు వస్తే? ఆయన మోకాళ్లకి మా మెట్లు ఎక్కే ఓపిక లేదు. అందుకే తాళం వేశాం. ఇల్లు వెతుక్కునేవాళ్లకీ అది దక్కలేదు, నాకూ దక్కలేదు.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. యజమాని ఆ కప్పు కింద కాపురముంటున్నారా లేదా అని చూడండి, ఏ పోర్షన్లో అని కాదు. కావాలంటే ఏడాదికి ఇన్ని రోజులేనని హద్దు పెట్టండి. ఇలాంటి చిన్న ఇళ్లవాళ్లకి షరతులు సడలించాలని 2024 నవంబరులో సిటీ కౌన్సిల్లో బిల్లు పెట్టినప్పుడు ఆశపడ్డాను. అద్దె ఇళ్లు ఇంకా తగ్గిపోతాయని దాన్ని వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు. వాళ్ల భయం అబద్ధమని నేననను.

చలికాలం వచ్చింది. పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా ఎవరూ లేని కింది పోర్షన్లో హీటరు వేసి ఉంచుతున్నాం. ఆ బిల్లూ మాదే.