పరిణామం మీద నెపం వేయకండి

“నేటి ఆడపిల్లల శరీరాలు మారిపోయాయి, అందుకే ఇన్ని సిజేరియన్లు” అన్న మాట ఈమధ్య చదువుకున్నవారి నోట కూడా వినవలసి వస్తున్నది. కొందరైతే పరిణామ సిద్ధాంతాన్నే సాక్ష్యానికి పిలుస్తున్నారు.

మానవ ప్రసవం కష్టతరమైనదన్నది నిజమే. రెండు కాళ్ళపై నడవడానికి అనువుగా కటివలయం రూపు మారింది. తరువాత శిశువు తల పెద్దదైంది. ఆ ఇరుకు దారిలో బిడ్డ మెలి తిరుగుతూ బయటికి రావాలి. కాని ఈ మార్పులకు లక్షల సంవత్సరాలు పట్టింది. అమ్మమ్మకూ మనవరాలికీ మధ్య ఎముకల గూడు కుంచించుకుపోదు.

2016లో వియన్నా విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ మిట్టరోకర్ బృందం ఒక గణిత నమూనాను ప్రచురించింది. సిజేరియన్ వల్ల తల్లీబిడ్డలు బతుకుతున్నారు కనుక ఇరుకు కటి లక్షణం తరువాతి తరాలకు అందుతున్నదని వారి వాదం. పత్రికలు గగ్గోలు పెట్టాయి. వారి అంకెను మాత్రం చాలామంది గమనించలేదు: బిడ్డ తల పట్టని ప్రసవాలు వెయ్యికి 30 నుంచి 33-36కు పెరిగి ఉండవచ్చునట! అదీ అంచనాయే.

ఇక మన అంకెలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 ప్రసవాలు సిజేరియన్లు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5, ప్రైవేటులో 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశ సగటు 21.5. 2014లో రాష్ట్రాన్ని విభజించినప్పుడు కటి ఎముకలను కూడా పంచుకున్నామా? ప్రైవేటు ఆసుపత్రి గడప దాటగానే అవి బిగుసుకుపోతాయా?

అవసరమైన చోట సిజేరియన్ ప్రాణదాత. ఆ కత్తి పట్టే సర్జను లేక తల్లులు పోవడం చూసిన తరం మాది. నా అభ్యంతరం కారణం లేని కోతకే. తప్పులో మొదటి వాటా మా వైద్యులదే: రాత్రంతా నొప్పుల గదిలో కాచుకునే ఓపిక తగ్గింది, ముప్పావుగంటలో ముగిసే పని సులువైంది. రెండో వాటా పంచాంగం పట్టుకొని వచ్చే కుటుంబానిది. నక్షత్రం కోసం 37వ వారంలోనే బయటికి తీసిన బిడ్డ ఊపిరి అందక ఆక్సిజన్ పెట్టించుకోవడం నేను ఒక్కసారి చూసింది కాదు. తల్లికి తరువాతి కాన్పులో మాయ పాత కుట్టు మీద అతుక్కుంటే, ఆ రక్తస్రావాన్ని ఆపడానికి గర్భసంచినే తీసివేయవలసి రావచ్చు.

39 వారాలు నిండకముందే ఆపరేషన్‌కు తేదీ ఇస్తే కారణం అడగండి. ఆ కారణాన్ని కేసు కాగితం మీద రాయమనండి.