పార్థెనాన్‌ని తెల్లగా చేసిందెవరు?

గ్రీసు అనగానే మనందరికీ గుర్తొచ్చే బొమ్మ ఒకటే. నీలాకాశం, కొండ మీద తెల్లటి పాలరాతి స్తంభాలు, చుట్టూ ఖాళీ. దీన్ని స్వచ్ఛమైన ప్రాచీన సౌందర్యం అంటారు. నేనైతే చాలావరకు పంతొమ్మిదో శతాబ్దపు సరుకు అంటాను.

కొట్టిపారేసే ముందు లెక్కలు చూడండి. క్రీ.పూ. 447లో మొదలై 432కి పూర్తయిన ఆ గుడి, తర్వాతి కాలంలో దాదాపు వెయ్యేళ్ళు చర్చిగా ఉంది. ఆటోమన్ తురుష్కులొచ్చాక మసీదైంది. 1687లో వెనిస్ సైన్యం పేల్చిన గుండు లోపలి మందుగుండు మీద పడి సగం కూలింది. ఆ శిథిలాల మధ్యే మళ్ళీ ఓ చిన్న మసీదు లేచింది.

1830ల్లో గ్రీసు స్వతంత్ర రాజ్యమైంది. రాజుగారు మాత్రం బవేరియా నుంచి దిగుమతి! 1834లో ఆయన తండ్రి ఆస్థాన వాస్తుశిల్పి లియో ఫాన్ క్లెంజె, అనాగరికపు ఆనవాళ్ళన్నీ తీసేస్తామని ఆ కొండ మీదే ప్రకటించాడు. అన్నట్టే 1840ల్లో మసీదు పోయింది. 1875కల్లా మధ్యయుగపు పెద్ద బురుజూ పోయింది. దాని ఖర్చు భరించింది ట్రాయ్ తవ్వకాల ష్లీమన్.

మన భాషలో చెప్పాలంటే, మధ్యలో ఉన్న కమిట్లన్నీ డిలీట్ చేసేసి "ఒరిజినల్ వెర్షన్ ఇదే" అనడం. తమాషా ఏంటంటే, ఒరిజినల్ కూడా అది కాదు. ఆ శిల్పాలకి రంగులుండేవి. వాటి మీద ఈజిప్షియన్ బ్లూ ఆనవాళ్ళు ఉన్నట్టు 2009లో బ్రిటిష్ మ్యూజియం వాళ్ళే తేల్చారు. అదే మ్యూజియంలో 1937-38లో, తెల్లగా కనబడాలని ఆ శిల్పాల తేనెరంగు పైపొరని రాగి పనిముట్లతో గీకించారు!

ఏ దేశమైనా తనకి నచ్చిన కాలాన్ని ఎంచుకోదా అంటారా? ఎంచుకోవచ్చు. కానీ ఇక్కడ జరిగింది శుభ్రం చేయడం కాదు, ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో తేల్చేయడం. మసీదు మురికైతే అందులో మొక్కినవాడూ మురికే అవుతాడు. అందుకే 1964 నాటి వెనిస్ చార్టర్, కట్టడానికి అన్ని కాలాలూ చేర్చినవాటిని గౌరవించమంది. ఒకే శైలిలోకి తేవడం పునరుద్ధరణ లక్ష్యం కాదంది.

గ్రీకుల గోల మనకెందుకంటారా? గోపురానికి రంగులు కొడితే "పాడు చేశారు, రాయి రాయిలా ఉంటేనే అందం" అనేది మనమే. పాత గుళ్ళలో చాలావాటికి సున్నపు గచ్చు, రంగులు ఉండేవన్న సంగతి గుర్తుండదు. "ఒరిజినల్ లుక్" కోసం ఇసుక చిమ్మి రాయిని రుద్దిస్తే, శిల్పి ఉలిగీతలూ శాసనాల అక్షరాలూ కూడా అరిగిపోతాయి. వాటికి బ్యాకప్ లేదు.

ఈసారి ఊరి గుడి బాగుచేయిస్తున్నాం, చందా ఇవ్వండంటూ మెయిలొస్తే తప్పకుండా ఇవ్వండి. ఇచ్చేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఏం కడుతున్నారని కాదు, ఏం తీసేస్తున్నారని.