సర్వరుకు సిస్టం ఎంపిక

బెంగుళూరులో మన తెలుగువారి వ్యాపార సంస్థలు కొన్ని గ్రాఫిక్స్ కార్డులు గల సర్వర్లను నెలకొల్పుచున్నవి. కార్డులకు లక్షలు వెచ్చించువారు, వాటిని నడుపు ఆపరేటింగ్ సిస్టమును మాత్రం అలవాటు కొద్దీ ఎంచుకొనుచున్నారు. ఇది క్షేమకరం కాదు.

2029 వరకు సాగునన్న సెంటాస్ 8 కు 2021 డిసెంబరు 31 తోనే మద్దతు ఆగినది. సెంటాస్ 7 గడువు 2024 జూన్ 30 న తీరినది. గడువు తీరిన సిస్టమునకు భద్రతా సవరణలు రావు. ఖాతాదారుల లెక్కలున్న యంత్రం అప్పుడు కావలి లేని కొట్టు వంటిది.

డ్రైవరు సంగతి మరొకటి. అది సిస్టములోని కెర్నలుకు సరిపడకున్న కార్డు పనిచేయదు. నేనెరిగిన ఒక సంస్థలో రాత్రికి రాత్రి కెర్నలు దానంతటదే మారగా, తెల్లవారేసరికి కార్డులు పలుకలేదు. రెండు దినములు పని నిలిచి, జీతములు మాత్రం నడిచినవి.

కావున కొనుటకు ముందే మూడు విషయములు తేల్చుకొనవలెను. కార్డు తయారీదారు ప్రకటించిన జాబితాలో ఆ సిస్టం ఉన్నదా? మద్దతు ఏ సంవత్సరం వరకు? కెర్నలు మార్పును ముందుగా వేరొక యంత్రముపై పరీక్షించు బాధ్యత ఎవరిది? ఉబుంటు 24.04 కు సాధారణ మద్దతు 2029 వరకు, రుసుము లేని ఆల్మాలినక్సు 9 కు 2032 వరకు కలదు. రెడ్‌హ్యాట్ 9 కు కూడ 2032 వరకే. రుసుము చెల్లించినవారికి సంస్థ సహాయం అదనం. రాత్రివేళ యంత్రం ఆగిన సరిచేయు మనిషి ఇంట లేనివారికి ఆ రుసుము దండుగ కాదు.

అమ్మకందారు మాటతో సరిపెట్టక, ఈ మూడింటికి జవాబులు కొనుగోలు పత్రములోనే వ్రాయించుకొనవలెనని నా మనవి.

— ఒక పాఠకుడు,
జయనగరం, బెంగుళూరు.