ఎముకలోని లోహమునకు విద్యుత్తు కాపలా

విరిగిన ఎముకను నిలుపుటకు రాడ్లు, ప్లేట్లు, స్క్రూలు అమర్చుటయు, అరిగిన కీలును తొలగించి కృత్రిమమైన కీలును పెట్టుటయు నేడు సాధారణ శస్త్రచికిత్సలైనవి. ఇంగ్లండులో సర్ జాన్ ఛార్న్లీ 1962లో స్థిరపరచిన తుంటికీలు మార్పిడి విధానము ఎందరినో తిరిగి నడిపించినది. అయితే ఈ విజయము వెనుక ఒక శత్రువు పొంచియున్నది. అది సూక్ష్మక్రిమి. మొదటిసారి కీలు మార్చుకొన్నవారిలో నూటికి సుమారు ఒకరిద్దరికి ఆ చోట చీము పట్టుచున్నది. ఒకరిద్దరే గదా యని తేలికగా తీసికొనరాదు. వారిలో పలువురికి పెట్టిన కీలును తీసివేయుట, వారముల తరబడి ఇంజక్షన్లు, పిదప మరియొక కీలు తప్పవు. రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబము ఈ రెండవ దెబ్బకు తట్టుకొనగలదా?

మందులున్నవి కదా యని పాఠకులు అడుగవచ్చును. లోహమునకు రక్తప్రసారము లేదు. స్టాఫిలోకోకస్ వంటి క్రిములు దానికి అంటుకొని, తమ చుట్టును జిగురుపొర నొకటి కట్టుకొనును. దీనినే బయోఫిల్మ్ అందురు. ఆ కోటలో దాగిన క్రిమిని మామూలు మోతాదు యాంటీబయాటిక్కులు నిర్మూలింపజాలవు. 1987లో అమెరికా వైద్యుడు ఆంథొనీ గ్రిస్టినా దీనిని ఒక పరుగుపందెముతో పోల్చినాడు. శరీరకణములు ముందు చేరినచో లోహము ఎముకతో కలిసిపోవును. క్రిములు ముందు చేరినచో పందెము వానిదే. కనుక చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట గాక, తొలి గడియలనుండియే కాపలా ఉంచవలెను.

ఆ కాపలాకు విద్యుత్తు పనికివచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు విశ్వసించుచున్నారు. అమెరికాలో రాబర్ట్ బెకర్, జోసెఫ్ స్పడారో మొదలైనవారు వెండి ఎలక్ట్రోడుల ద్వారా అతి స్వల్పమైన కరెంటును పంపి క్రిముల పెరుగుదలను అరికట్టవచ్చునని 1974లో చూపినారు. 1978లో రోగుల ఎముకల చీముకు ఆ పద్ధతిచే చేసిన చికిత్సను ప్రకటించినారు. 1992లో కాస్టర్టన్ బృందము బలహీనమైన కరెంటు తోడైనచో బయోఫిల్మ్‌పై యాంటీబయాటిక్కుల శక్తి హెచ్చునని నిరూపించినది. తరువాతి పరిశోధకులు టైటానియము లోహమునే ఋణధ్రువముగా చేసి జంతువులపై పరీక్షించినారు.

ఇక మందులతో పనిలేదని సంబరపడువారితో మేము ఏకీభవింపము. 1965లో బార్నెట్ రోజెన్‌బర్గ్ బృందము క్రిములున్న ద్రవములో ప్లాటినము ఎలక్ట్రోడుల ద్వారా కరెంటును పంపగా వాటి విభజన ఆగిపోయినది. అది కరెంటు మహిమ కాదనియు, ఎలక్ట్రోడులనుండి కరగి ఏర్పడిన ప్లాటినము సమ్మేళనముల ప్రభావమనియు వారు ఓపికతో కనుగొన్నారు. ఆ ఓపిక వలననే సిస్‌ప్లాటిన్ అను క్యాన్సరు మందు లోకమునకు లభించినది. ఇక్కడను అట్టి ఓపికయే కావలెను. ధనధ్రువమున వెండి అయానులు వెలువడును. ఋణధ్రువము చెంత క్షారగుణము పెరుగును. క్రిమిని చంపునది ఎముక కణమును చంపదను హామీ యెక్కడిది? ఎంత కరెంటు, ఎంతసేపు, ఏ లోహముపై అను ప్రశ్నలకు మనుష్యులపై జాగ్రత్తగా జరిపిన పరీక్షలే సమాధానము చెప్పవలెను. ఈ పద్ధతి ఇంకను ఆసుపత్రులలో సాధారణ వాడుకలోనికి రాలేదు.

అంతవరకు శస్త్రచికిత్స గది శుభ్రతయే మొదటి కాపలా. ఛార్న్లీ సైతము గాలిని శుద్ధిచేసిన గదిలో శస్త్రచికిత్సలు జరిపి చీముపట్టు కేసులను ఎంతగానో తగ్గించినాడు. చేతులు కడుగుకొనని చోట కరెంటు ఏమి చేయగలదు?

ఇది వైద్యుడొక్కని పని కాదు. రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రము, జీవశాస్త్రము చదువు మన విద్యార్థులు ముగ్గురును ఒకే బల్లచుట్టు కూర్చుండవలసిన పని. రేపు ఈ సాధనము సిద్ధమైనచో దాని వెల కూలివాని కాలికి సైతము అందుబాటులో ఉండవలెనని, ఆ ఆలోచన పరిశోధనతోపాటే మొదలు కావలెనని మా అభిప్రాయము.