మతాచార్యుల కర్తవ్యము

కలహమును రేపగల నోటికే దానిని చల్లార్చు శక్తియు గలదు. నైజీరియా దేశమున కడూనా రాష్ట్రమందు 1992లో చెలరేగిన మతకలహములలో క్రైస్తవ బోధకుడు జేమ్సు వూయె కుడిచేతిని గోల్పోయెను. ఇమాము ముహమ్మదు అషాఫా తన గురువును, ఇరువురు జ్ఞాతులను గోల్పోయెను. ఒకరి నొకరు ద్వేషించిన ఈ యిరువురే పగను విడిచి 1995లో మతసామరస్య సంస్థను గలసి స్థాపించిరి. వీరి కృషివలన 2002 ఆగస్టులో ఉభయ మతముల పెద్దలు కడూనా శాంతిప్రకటనపై సంతకములు చేసిరి. నవంబరులో మరల రక్తము ప్రవహించెను. ఐనను వీరు పూనిన కార్యమును విడువలేదు.

నష్టపడినవాడు “క్షమింపుడు” అన్న మాటకు గల బలము, నష్టమెరుగనివాని యుపన్యాసమునకు లేదు. పండుగనాటి వేదికలపై శాంతివచనములు పలికి మతాచార్యులు తృప్తి చెందరాదు. కలహదినమున తమవారినే వారింపవలెను. అదియే వారి ధర్మమని మా యభిప్రాయము.