కూడలిలో ఆగిన ఉత్తరము

విదేశపు తపాలా ఆలస్యమైనప్పుడెల్ల దూరమును నిందించుట పాలకులకు పరిపాటియైనది. ఆ మాట విని ఊరకుండుట ప్రజలకు అలవాటైనది. సముద్రము పెద్దది, ఓడ మెల్లగా నడచును, రైలు బహుదూరము పోవలెను. కావున ఓర్చుకొనుడని సమాధానము. ఈ సమాధానము వినుటకు వినయముగా ఉండును గాని సత్యము కాదు. ఓడ కదలుచున్నంతసేపు ఉత్తరము ఆలస్యము కాదు. రైలు కదలుచున్నంతసేపును కాదు. ఓడ నుండి రైలుకు, ఒక రైలు నుండి మరియొక రైలుకు, ఒక ప్రభుత్వము చేతి నుండి మరియొక ప్రభుత్వము చేతికి మారు చోటనే అది ఆగిపోవును. నెమ్మది వేరు, ఆలస్యము వేరు. నెమ్మది దూరము వలన కలుగును. ఆలస్యము మనుష్యుల నిర్ణయము వలన కలుగును.

హిందీలో తపాలాను ‘డాక్’ అందురు. మనుష్యులను, గుఱ్ఱములను మజిలీ మజిలీకి మార్చుచు సాగించు ప్రయాణమునకు పూర్వము ఆ మాట చెల్లెడిది. మార్పిడియే తపాలాకు ప్రాణమని ఆ మాటను వాడినవారికి తెలియును. పిదపవారు దానిని మరచిరనుటకంటె, కొందరి విషయమున జ్ఞాపకముంచుకొని కొందరి విషయమున మరచిరనుట న్యాయము.

సీమ తపాలా చరిత్రయే దీనికి సాక్ష్యము. 1869లో సూయజ్ కాలువ తెరవబడెను. 1870లో బొంబాయి, కలకత్తా నగరములు జబల్‌పూరు మీదుగా రైలుమార్గముతో కలిసెను. అంతకుముందే, 1868లో, బొంబాయికి వచ్చు ఓడలపై తపాలా గుమాస్తాలను నియమించి, ఓడ నడిసముద్రమున ఉండగనే ఉత్తరములను ఊరూరికి వేరు చేయించిరి. రేవులో ఒక పూట వృథా కాకుండుటకు అంత శ్రద్ధ! 1914లో మహాయుద్ధము వచ్చువరకు ఆ యేర్పాటు సాగెను. ఓడల కంపెనీతో చేసికొన్న ఒడంబడికలలో గడువు తప్పినచో జరిమానా ఉండెడిది. సీమ తపాలాను అందుకొని పోవుటకు బొంబాయిలో ప్రత్యేకపు రైళ్లు సిద్ధముగా ఉండెడివి.

1860లో మద్రాసు నుండి ‘ట్రూరో’ అను ఓడ కూలీలను నాటాలుకు కొనిపోయెను. కోరంగి రేవు మీదుగా బర్మాకు పోయిన తెలుగువారు ఎంతమంది యనగా, అచ్చట తెలుగువానికి ‘కోరంగీ’ యనియే పేరు పడెను. వారి యుత్తరముల కొఱకు ఏ రైలు కాచియుండెను? వారి తల్లిదండ్రులకు జాబు ఒక నెల ఆలస్యమైనచో ఎవరు జరిమానా చెల్లించిరి? 1876లో భారతదేశము ప్రపంచ తపాలా సమాఖ్యలో చేరెను. లోకమంతయు ఒకే తపాలా క్షేత్రమని ఆ సమాఖ్య సూత్రము. సూత్రము అందరికిని, కాచియుండు రైలు మాత్రము కొందరికే.

స్వతంత్ర భారతమున ఇదే ప్రశ్నను భిలాయి మరియొక విధముగా మన ముందుంచినది. నాడు మధ్యప్రదేశ్‌లోను, నేడు ఛత్తీస్‌గఢ్‌లోను ఉన్న ఈ ఉక్కునగరము సముద్రమునకు ఎంతో దూరము. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక జరిగెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించెను. ఈ నాలుగేండ్ల నడుమనే, 1956 చివర నుండి 1957 ఏప్రిల్ వరకు, సూయజ్ మూతపడెను. నల్లసముద్రము నుండి బయలుదేరిన ఓడకు ఆఫ్రికాను చుట్టి వచ్చు దారి మొదటి దారికి రెండింతలకు మించినది. అయినను కొలిమి వెలిగెను. రాజ్యము ఒక పనిని తన పనిగా తలచినచో దూరము అడ్డము కాదని భిలాయి ఋజువు చేసినది. రాయపూరు–విజయనగరము మార్గమున ఆ నగరమునకు చేరి పని చేసిన తెలుగు కార్మికుని యింటి ఉత్తరమునకు అట్టి శ్రద్ధ దక్కవలదా?

విమానములు వచ్చిన పిదప ఈ చర్చ యేల యని కొందరు అందురు. 2025 ఆగస్టు 25వ తేదీ నుండి భారత తపాలాశాఖ అమెరికాకు పంపు తపాలాను చాల భాగము నిలిపివేయవలసి వచ్చెను. అక్టోబరు 15వ తేదీన గాని సేవ తిరిగి మొదలు కాలేదు. ఆ దినములలో విమానములు ఎగురుచునే యుండెను. సుంకమును ఎవరు వసూలు చేయవలెను, ఎట్లు చెల్లింపవలెను అను విషయము తేలక తపాలా ఆగెను. ఆగినది ఆకాశమున కాదు, కూడలిలో.

వేగము పేరిట జరిగిన అన్యాయము ఇంకొకటి కలదు. 2007 మే నెలలో అమెరికా తపాలాశాఖ విదేశములకు ఓడ తపాలాను ఎత్తివేసెను. డబ్బు గలవానికి దాని వలన నష్టము లేదు. కాని చవుకగా, మెల్లగా పుస్తకముల మూటను స్వగ్రామపు గ్రంథాలయమునకు పంపుకొను తెలుగువానికి దారి మూసికొనిపోయెను. రెండు నెలలకు నిశ్చయముగా చేరు పుస్తకమును ఎవరును ఆలస్యమని నిందింపరు. చవుక దారి లేనిచో ఆ పుస్తకము బయలుదేరనే బయలుదేరదు.

కావున ప్రజలు అడుగవలసినది వేగమును కాదు, జవాబుదారీని. ప్రతి రేవులోను, ప్రతి జంక్షనులోను తపాలా సంచి చేతులు మారుటకు గడువు నిర్ణయింపబడవలెను. అది బహిరంగముగా ప్రకటింపబడవలెను. తప్పినచో ఎవరు బాధ్యులో చెప్పబడవలెను. పుస్తకములకు చవుక దారి నిలువవలెను. నూటయేబది యేండ్లకు పూర్వము పాలకుల యుత్తరములకు ఇవన్నియు సాధ్యమైనవి. నేడు పౌరుని యుత్తరమునకు సాధ్యము కావనుట అసమర్థత కాదు, ఉపేక్ష.